మూల గడిలో ఎస్తేరక్క

డాక్టర్ ఎస్తేరు రాణి ఇక లేరన్న వార్త నాకు ఉప్పల్ మెట్రో మెట్ల మీద అందింది. ఫోను చెవిన ఉండగానే కాళ్ళు నిలిచిపోయాయి. జనం నన్ను తోసుకుంటూ పైకి వెళ్ళిపోతున్నారు. నాకు మాత్రం నాచారంలోని మా ప్రయోగశాల కిటికీ, అక్కడ తెల్లకోటు వేసుకుని ప్లేటును వెలుతురుకు ఎత్తి చూసే ఆ మూర్తి, కలలో లాగా కనబడుతున్నాయి. ఇన్నేళ్ళు ఆమె పక్కన పనిచేసిన నాకు ఏడవడానికి చోటు కూడా దొరకలేదు.

మా విద్య లోకానికి అంతగా తెలిసింది కాదు. రక్తనాళాల లోపలి గోడకు కొన్ని అణువులుంటాయి. అటుగా పోయే కణాలను పట్టి ఆపడం వాటి ధర్మం. గోడకు వాపు వచ్చినప్పుడు అవి ఎక్కువగా ఊడి రక్తంలో తేలుతుంటాయి. అలా తేలేవాటిని కొలిచే పరీక్ష మాది. చిన్న చిన్న గడులున్న ప్లేటులో రోగి రక్తపు తేట, అంటే సీరం, పోసి, కడిగి, చివర రంగు పుట్టించే మందు వేస్తాం. నీలం ఎంత చిక్కనైతే ఆ అణువులు అంత ఎక్కువ. కొత్తగా చేరినవాళ్ళకు ఎస్తేరక్క ఒకటే మాట చెప్పేవారు: "రాలినదాన్ని సూసి గోడ సంగతి చెప్పాలె. గదే మన పని."

కడగడం దగ్గర మాత్రం ఆమెది పరమ చాదస్తం. "సక్కగ కడగకుంటే ప్లేటంత అబద్ధాలే" అంటూ, కడిగిన ప్లేటును కాగితాల మీద బోర్లించి తట్టేవారు. ఆ తాళానికి ఏదో చర్చి పాట కూనిరాగంగా వచ్చేది. నీలం పుట్టే ఆ కాసేపు ఎవరూ నోరెత్తకూడదు. తెల్లవారుతున్న ఆకాశంలా ఆ గడుల్లో రంగు మెల్లమెల్లగా తేలేది. అంత ప్రశాంతతను నేను ఏ గుడిలోనూ ఎరగను.

ప్రతి ప్లేటులోనూ మూల గడి ఆరోగ్యవంతులది. అక్కడ లేత నీలం వస్తేనే మిగతా గడులను నమ్మాలి. ఆ రక్తం ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు అక్క నవ్వి చెయ్యి చాపారు. "గుండ్రాయి లెక్క నేనుండంగ ఊరంత దేవులాడుడేంది?" అప్పటినుంచి ఏటా ఆమె ఇచ్చిన రక్తపు తేటనే చిన్న గొట్టాల్లో మంచులా గడ్డకట్టించి దాచుకునేవాళ్ళం.

కిందటేడు ఆమె కొత్తగా ఇచ్చిన తేట గొట్టంతో మూల గడి ముదురు నీలమైంది. ప్లేటు చెడిందనుకుని పారేశాం. మళ్ళీ చేసినా అంతే. కడిగింది తానే గనక తప్పు తనదేనని మా టెక్నీషియన్ సునీత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అక్క పాత గొట్టం, కొత్త గొట్టం పక్కపక్క గడుల్లో పెట్టి, స్వయంగా కడిగి, కిటికీ దగ్గర నిలబడ్డారు. పాతది లేత నీలం. కొత్తది ముదురు.

"ఏడ్వకు బిడ్డా," అన్నారు. "నువ్వు మంచిగనే కడిగినవ్. ప్లేటు గూడ మంచిగనే ఉన్నది. నేనే మంచిగ లేను."

జబ్బు పేరు తరువాత దవాఖానాలో తేలింది. చికిత్సకు వెళుతూ కూడా ఆమె ఫికరంతా మూల గడి గురించే. "పాతయి అయిపోకముందే ఇంకో మనిషిని సూసుకో తమ్మీ," అని నాకు మరీ మరీ చెప్పారు. నాకు మనసొప్పలేదు. ఆమె బతికుండగా ఆ చోటు ఇంకొకరికి ఎలా ఇస్తాం?

మల్లాపూర్‌లో అక్కకు మట్టి ఇచ్చి వచ్చేసరికి ఆమె ఆరోగ్యంగా ఉన్నప్పటి గొట్టం ఒక్కటే మిగిలింది. జ్ఞాపకంగా దాచుకుందామన్నాను. కాని కొత్త మనిషి రక్తాన్ని ఒప్పుకోవాలంటే పాతదాని పక్కన పెట్టి చూడక తప్పదు. ఆ గొట్టం లేకపోతే రోగుల పరీక్షలు ఆగిపోతాయి. తన రక్తం ఇవ్వడానికి సునీత అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడిచింది. "దాసుకుంటే ఏమొస్తది సార్? అక్క ఉంటే మనల తిట్టకపోవునా?"

గొట్టం కరిగించి, ఒక గడిలో అక్క తేట, పక్క గడిలో సునీత తేట పోశాం. సునీత కడిగింది. ప్లేటు బోర్లించి తడుతుంటే తెలియకుండానే ఆ కూనిరాగం ఆమె గొంతులోకి వచ్చింది. తరువాత అందరం మౌనంగా నిలబడ్డాం. రెండు గడుల్లోనూ ఒకే లేత నీలం తేలింది.

ఆమె లోటు తీరేది కాదు. ఆ కిటికీకి మళ్ళీ అలాంటి మనిషి రారు. సమాధి మీది పూలు ఇంకా వాడనే లేదు. మా ప్లేటు మూల గడిలో మాత్రం, ఆ ఉదయం, ఎస్తేరక్క పూర్ణారోగ్యంతో ఉన్నారు.