బల్ల మీద పెన్ను చప్పుడు

మేడ్చల్ హైవే పొడుగునా ఇప్పుడు ముప్పై రోజుల్లో ఇంగ్లీషు నేర్పిస్తామనే బోర్డులే. చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు ఆ భాష పట్టుబడటానికి ఇరవై ఏళ్ళు పట్టింది. అట్ట ఊడిపోయిన గ్రామర్ పుస్తకం, ఎరువుల బస్తాల మీది రాతలు, పొట్లాలు కట్టిన పేపర్లు, అవే నా బడి. ఒకసారి బ్యాంకులో నేను రాసిన దరఖాస్తును గుమాస్తా పక్కవాడికి చదివి వినిపించి నవ్వాడు. నలభై ఏళ్ళు దాటింది. వాడి చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది.

అందుకే అడిగినవాళ్ళను ఇంటి ముందు రేకుల కింద కూర్చోబెట్టి చెబుతాను. ఎవరొచ్చినా అవే ప్రశ్నలు. సిన్స్ ఎక్కడ, ఫర్ ఎక్కడ? డిడ్ తర్వాత వెంట్ ఎందుకు రాదు? నాకు ఇద్దరు పిల్లలని చెప్పడానికి ‘ఐ యామ్ హావింగ్’ అంటే తప్పేంటి? గొంతు తగ్గించి, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు అడుగుతారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళకు ఆ సిగ్గు అంటగట్టినవాళ్ళ మీదే.

పోయిన ఎండాకాలం నుంచి రావల్కోల్ ఆమె ఒకతె వస్తోంది. శామీర్‌పేట వైపు ఒక మందుల కంపెనీలో ఎనిమిదేళ్ళుగా ప్యాకింగ్ పని. పొద్దుటి షిఫ్టు దిగి, మేడ్చల్‌లో నా దగ్గర గంటసేపు కూర్చుని, ఆటోలో ఊరికి పోతుంది. లైన్ ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయితే పేరు ఇచ్చింది. పైఆఫీసర్లు బయటి రాష్ట్రాలవాళ్ళు, ఇంటర్వ్యూ ఇంగ్లీషులో.

“నేను చెయ్యి పట్టి పని నేర్పిన పోరి నాకే ఆర్డర్లేస్తాంది పెద్దనాయినా. గీ ఒక్కటి నాకు గావాలె” అంది మొదటి రోజే.

నేను నేర్పే పద్ధతి ఒకటే. చిన్నప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఊడ్చే పని చేశాను. అక్కడి మాస్టారు, ఎవరి వేలైనా తప్పు అక్షరం మీద పడితే పెన్సిల్‌తో బల్ల మీద టక్కుమని కొట్టేవాడు. నేనూ అంతే. తప్పు దొర్లగానే పెన్నుతో బల్ల మీద ఒక దెబ్బ. ఆమె ఆగాలి, తప్పు వెతుక్కోవాలి, దిద్దుకుని ముందుకు పోవాలి. నాలుగు నెలల్లో చెప్పకుండానే దిద్దుకునే స్థితికి వచ్చింది. నాకు గర్వంగానే ఉండేది.

ఇంటర్వ్యూ నాడు ఆమె వచ్చేసరికి ముఖం చూస్తే తెలిసిపోయింది. ఆ ఆఫీసర్‌కు ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే పెన్నుతో బల్ల కొట్టే అలవాటట. అతను కొట్టినప్పుడల్లా ఈమె ఆగింది. సరిగ్గా చెప్పిన మాటనే మార్చింది. మళ్ళీ చప్పుడు, మళ్ళీ మార్చింది. చివరికి తన పేరు చెప్పడం కూడా సందేహమైపోయి ఊరుకుందట.

“ఆయన ఊకెనే కొడుతుండని నాకు తెల్సు పెద్దనాయినా. తెల్సినా నోరు బందైంది” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆమె పోయాక కూర్చోలేకపోయాను. మనిషి మాట్లాడుతుంటే బల్ల కొట్టేవాడు ఏం ఆఫీసర్, వాడికి మర్యాద నేర్పినవాళ్ళు లేరా అని తిట్టుకుంటూ రైల్వే గేటు వైపు నడిచాను. సగం దారిలో ఆ తిట్టు ఎవరికి తగులుతోందో నాకే అర్థమైంది. గేటు దాకా పోకుండానే తిరిగొచ్చాను.

ఇంకో అవకాశం ఇమ్మని ఆ ఆఫీసర్‌ను ఆమె అడగడానికి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసిపెట్టాను. కొట్టేసి మళ్ళీ రాశాను. మర్నాడు ఆమె రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. షిఫ్టు దిగే వేళకు రోడ్డు మీదికి పోయి నిలబడ్డాను, కంపెనీ బస్సు ఆగకుండానే పోయింది.

మూడో రోజు వచ్చింది. కాగితం చేతికివ్వబోతే, అడగడం అయిపోయిందంది. మిషన్‌లో మాత్రల పట్టీలు సగం ఖాళీగా వస్తుంటే ఆ ఆఫీసరే లైన్ దగ్గరికి వచ్చాడట. ఎక్కడ ఇరుక్కుందో అతనికి చెబుతూ, అదే ఊపులో తన సంగతీ అడిగేసిందట.

“ఏమన్నవ్? అన్నది అన్నట్టు జెప్పు” అన్నాను.

“యాదికి లేదు పెద్దనాయినా. మిషన్ ముచ్చట జెప్పుకుంట జెప్పుకుంట గదీ జెప్పేసిన. సోమవారం మల్ల జూస్తడట. ఆఫీసుల గాదు, లైన్ కాడనే.”

నాకు చూపించకుండా అంత మాట ఎలా అంటుంది? డిడ్ పెట్టిందా, హావ్ పెట్టిందా? గట్టిగా అడిగితే, “ఇగ ఇడువు. మిషన్ ఎట్ల జామైతదో ఇంగ్లీషుల జెప్త, ఇను” అని మొదలుపెట్టింది. ఆగలేదు. ఎనిమిది తప్పుల దాకా లెక్కపెట్టాను. తొమ్మిదోదాని దగ్గర, మాత్రల పట్టీకి అంటించే రేకు ముక్క మిషన్‌లో ఎక్కడ ఇరుక్కుంటుందో అర్థమై లెక్క మరిచాను. ఆపబోయాను గానీ, దాన్ని ఎలా బయటికి తీసిందో వినాలనిపించింది.

ఇవాళ శనివారం. నాకు కాలు నిలవడం లేదు.