అతుకుతుందండీ

బండారులంకలో మా పక్కింటి అత్తగారు మగ్గం మీద పోగు తెగితే విసుక్కునేవారు కాదు. వేళ్ళకి బూడిద రాసుకుని, రెండు కొసలూ కలిపి మెలేసి, "అతుకుతుందండీ" అనేవారు. ఆవిడ కుక్క ఆ మగ్గం పక్కనే పడుకునేది.

ఓనాడు ఆటో గుద్ది దాని వెనక్కాలు విరిగింది. పశువుల డాక్టరుగారు రాజమండ్రిలో ఆపరేషను చేయించాలన్నారు, పాతికవేలవుతుందన్నారు.

"నా మోకాలికే లేదు, కుక్కకా ఆపరేషను?" అని వాళ్ళాయన కసిరేరు.

"అతుకుతుందండీ" అని, తనకోసం నేసి దాచుకున్న ఒక్కగానొక్క పట్టుచీర అమ్మేసేరావిడ. అది సగానిక్కూడా చాల్లేదు. మిగతాది జతపడేలోపే కాలు కుళ్ళి కుక్క పోయింది.

మర్నాడు వెళ్ళేసరికి తెగిన పోగు చేత్తో పట్టుకుని కూర్చున్నారు. బూడిద తెచ్చి దగ్గర పెట్టేను. ఆవిడ అటు చూడలేదు.