మౌసు నాది, కీబోర్డు అన్నయ్యది

అభిమానులు ఉచితంగా చేసి పెట్టినదాన్ని తిట్టకూడదని నాకూ తెలుసు. అయినా తిడతాను. ఎవరో ఏ దేశాల్లోనో ఉద్యోగాలు చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని, మా చిన్నప్పటి సాహసాల ఆటని కొత్త కంప్యూటర్ల కోసం మొదటినుంచీ మళ్ళీ కట్టారు. పాతదాంట్లో చెట్టంటే అట్టముక్క. ఇందులో ఆకులు కదులుతాయి, నీళ్ళలో మబ్బులు కనిపిస్తాయి. ఇన్ని మెరుగులు దిద్దిన పెద్దమనుషులకి, ఆ ఆటని ఇద్దరు కలిసి ఆడేవాళ్ళు కూడా ఉంటారని మాత్రం తట్టలేదు.

అప్పుడు మా ఇల్లు అరసవల్లిలో. నాన్న కొన్న సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు ఒకటే, మేం అన్నదమ్ములం ఇద్దరం. వంతులు వేస్తే రోజూ కొట్లాటే. విసిగిపోయి అమ్మే తీర్పు చెప్పింది, కీబోర్డు అన్నయ్యకి, మౌసు నాకు అని. ఆటలో మనిషిని నడిపించేది అన్నయ్య, వాడి చేత కత్తి దూయించేది నేను. అది ఒక్కడి కోసం చేసిన ఆటని మాకేం తెలుసు.

ఆ ఆటలో ఒక పాడుబడ్డ గుడి ఉంది. లోపల రాతి విగ్రహం, దాని వెనక తాళం వేసిన తలుపు. అక్కడ ఇరుక్కుపోయాం. అరసవల్లి పిల్లలం కదా, ఏడాదిలో కొన్ని రోజులు మా ఊరి సూర్యుడి గుళ్ళో పొద్దుటెండ స్వామి పాదాల మీద పడుతుందని, దాన్ని చూడ్డానికి జనం తోసుకుంటూ వస్తారని ఊహ తెలిసినప్పటినుంచీ ఎరుగుదుం. ఇక్కడా అంతేనని తేల్చేశాం. ఎండ విగ్రహం పాదాలని తాకితే తలుపు తెరుచుకుంటుంది. మనిషిని గుమ్మంలో నిలబెట్టి, ఆటలో తెల్లవారేదాకా కూర్చుని, వెలుతురు లోపలికి పాకడం చూసేవాళ్ళం. అది విగ్రహం ముందున్న మెట్ల దాకా వచ్చి ఆగిపోయేది. "ఈ రోజు కాదురా, రేపు పడతాది," అనేవాడు అన్నయ్య. మర్నాడూ మెట్ల దగ్గరే. ఎండాకాలం సెలవులన్నీ అలాగే గడిచిపోయాయి. తర్వాత కంప్యూటరు పాడైంది, అన్నయ్య హాస్టల్‌కి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నేను కొత్తవలసలో ఉంటున్నాను. అన్నయ్య అరసవల్లిలోనే లాడ్జి నడుపుతున్నాడు. కలిస్తే నీళ్ళ మోటారు గురించో పిల్లల చదువుల గురించో రెండు ముక్కలు, ఆ తర్వాత ఎవరి ఫోను వాళ్ళది. అది నాకు బాధగా ఉంటుంది. అందుకే పోయిన ఆదివారం భోజనానికి వస్తున్నాడంటే ఆట సిద్ధం చేసి పెట్టాను. ముందు పాతదే ఎక్కించి చూశాను. అగ్గిపెట్టెంత కిటికీలో తెరుచుకుని, గుడి మెట్లు ఎక్కేసరికి బిగుసుకుపోయింది. ఇంక కొత్తదే గతి.

రెండు కుర్చీలు వేశాను. అన్నయ్య నవ్వి, చెప్పకుండానే ఎడమవైపు కూర్చుని కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

గుడి దాకా వెళ్ళనే లేదు, రచ్చ మొదలైంది. పాతదాంట్లో మౌసంటే కత్తి, అంతే. కొత్తదాంట్లో మౌసు కదిపితే లోకమంతా తిరుగుతుంది, దాంతోపాటు నడిచేవాడి దారీ తిరుగుతుంది. నేను శత్రువు కోసం పక్కకి చూస్తే చాలు, అన్నయ్య నడిపే మనిషి పోయి గోడకి గుద్దుకుంటున్నాడు.

"ఒరే, తిప్పకురా."

"తిప్పకపోతే ఎవుడొస్తన్నాడో ఎలాగ సూడాలి?"

"నేను సూస్తాను. నువ్వు కొట్టు."

"కొట్టాలన్నా తిప్పాలన్నయ్యా."

మనిషి మళ్ళీ మళ్ళీ కాలవలో పడేసరికి అన్నయ్య విసుక్కున్నాడు. "ఇలా తే," అని మౌసు నా చేతిలోంచి తీసుకున్నాడు. అంతే, మనిషి బుద్ధిగా నడవడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నయ్య మీద కాదు, ఆ చేసినవాళ్ళ మీద. గుడికి చేరి చూస్తే, గుమ్మం ముందు దాకా కొత్తగా పైకప్పు దించారు, ఎండ లోపలికి వచ్చే దారే లేదు. అది చాలదన్నట్టు, గాల్లో ఒక పచ్చ బాణం గుర్తు. తాళంచెవి ఇదిగో ఇక్కడ అని గుడి వెనక బావిని చూపిస్తోంది. మా సెలవులన్నీ మింగిన చిక్కుని ఆ ఒక్క బాణం విప్పేసింది.

"ఇన్నాళ్ళూ అది బావిలో ఉన్నాదా?" అన్నాను.

అన్నయ్య తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "నాకు అప్పుడే తెలుసురా."

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే తలుపు తెరుసుకుంటాది. లోపల ఒక భూతం ఉంటాది. నీకు జొరమొచ్చి పడుకున్నప్పుడు ఒక్కణ్ణే ఎళ్ళి సూసినాను. నడక, కత్తి ఒక్కడి సేతిలోనే ఉంటే గాని అది సావదు. అంటే నీ దగ్గర మౌసు లాక్కోవాల. లాక్కుంటే నువ్వు లేసి ఎలిపోతావు. ఎందుకొచ్చిన గొడవని నీతో పాటు ఎండ కోసం కూకున్నాను."

ఏదో మామూలు సంగతి చెప్పినట్టే చెప్పి, బావిలోంచి తాళంచెవి తీశాడు. మౌసు అతని చేతిలోనే ఉంది. తిరిగి ఇవ్వాలని అతనికి తోచలేదు, నేను అడగలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు. తలుపు తెరుచుకుంది.