ఆరనియ్యమన్న అన్న

ఆపదలో సాయం పంపే దేవునికి స్తోత్రం. ఆయన నాకు ఒకసారి కామారెడ్డిలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే అన్న ద్వారా సాయం పంపాడు.

అది 2012. చెల్లెలి నర్సింగ్ దరఖాస్తుకు ఆ సాయంత్రం ఐదింటితో గడువు ముగుస్తుంది. సర్టిఫికెట్లన్నీ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. దాని మౌస్ బటన్ లోపలికి నొక్కుకుపోయి లేవడం లేదు. వేరే మౌస్ తగిలించినా, ఆ బటన్ నొక్కే ఉండడంతో లాభం లేకపోయింది. ఎల్లారెడ్డి నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని ఆ అన్న దుకాణానికి వచ్చేసరికి నాలుగు దాటింది.

అన్న బటన్ ఊడదీసి, వేలితో తడిమి వాసన చూశాడు.

"ఇదేంది తమ్మీ, నూనె?"

సిగ్గుపడుతూ చెప్పాను. "ప్రార్థన నూనె అన్నా. ఫారం నింపే ముందు మా అవ్వ దీనికి రాసింది."

"అవ్వ చేతికి బరకతున్నది, దీవెనున్నది గని, జర ఎక్కువైంది."

చెవిపుల్లను స్పిరిట్‌లో ముంచి జిగటంతా తుడిచాడు. స్విచ్ మీదికి పోయిన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆరనియ్యి."

"టైమైపోతదన్నా!"

"తడి మీద కరెంటిస్తే మొత్తమే పోతది. ఆరనియ్యి."

తొందరపెట్టే గిరాకీలందరికీ ఆయన చెప్పేది ఆ మాటేనట. అట్టముక్కతో మెల్లగా విసురుతూ కూర్చున్నాడు. ఆ పది నిమిషాలు నాకు ఒక్క బైబిల్ వచనం కూడా గుర్తు రాలేదు. చివరికి బటన్ టిక్కుమంది. ఐదుకు నాలుగు నిమిషాల ముందు, ఆయన నెట్ మీదే దరఖాస్తు వెళ్లింది.

ఓపిక గురించి సంఘంలో ప్రసంగించేవాణ్ణి నేను. ఆ రోజు ఓపిక ఉన్నది ఆయన దగ్గర. పేరైనా అడగలేదు. మీరూ నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఆ అన్న చేతులు వణకకుండా కాపాడు.