ఎప్పుడూ దీంతోనే తెరువు

కుట్టు కర్మాగారంలో ఆమెని అందరూ స్కేలక్క అంటారు. చేతిలో స్కేలు లేకుండా ఆమెని చూసినవాళ్లు అరుదు. మాటల మధ్యలో ఎదుటిమనిషి భుజం మీద స్కేలు ఆనించి, "ఈ చొక్కా నీకు ఎవరు కుట్టారమ్మా, పాపం" అనేసే రకం.

ఆమె పని నమూనాలు గీయడం. చొక్కా కానీ గౌను కానీ, ముందు ఆమె గీత పడితేనే కింద గుడ్డ తెగేది. పెళ్లికి ముందు తండ్రి దర్జీ కొట్లో, గోధుమరంగు కాగితాల మీద సుద్దముక్కతో నేర్చుకున్న విద్య అది. కాగితాలు పోయి కంప్యూటర్ వచ్చినప్పుడు కూడా ఆమె బెదరలేదు. మౌస్ పట్టుకోవడం అలవాటయ్యేదాకా నానా తంటాలు పడింది కానీ, చూపించమని ఎవరినీ అడగలేదు. అదే ఆమెలో ఉన్న గుణం. అడిగితే అలుసైపోతానని భయం. తెలియనిది ఎదురైతే గది తలుపు చేరవేసుకుని, అది లొంగేదాకా దాంతో కుస్తీ పట్టేది.

ఆ గది మేడ మీద, ఒక మూలగా ఉంటుంది. కింద హాలంతా కుట్టుమిషన్ల వరసలు, వాటికి అవతల పొడుగాటి కత్తిరింపు బల్ల. ఆ బల్ల మీద గుడ్డని పొరలు పొరలుగా, చిన్న ముడత కూడా లేకుండా పరిచేది ఆమె మరిది. అతన్ని ఆ పనిలో పెట్టించింది ఆమే. మనిషి మంచివాడు, నోరు మాత్రం ఊరుకోదు.

"వదినా, పైన నువ్వో గీత గీస్తావు, కింద మా తలరాత మారిపోతుంది" అనేవాడు.

"మారకపోతే చెప్పు, స్కేలు పట్టుకుని దిగుతా" అనేది ఆమె.

ఇలా ఉండగా ఆమె పాత కంప్యూటర్ చచ్చిపోయింది. యజమాని కొత్తది తెప్పించాడు. అందులో ఆపరేటింగ్ సిస్టం వేరు. బొమ్మలు వేరు, మెనూలు వేరు, మూసే గుర్తు కూడా కుడివైపు ఉండాల్సింది ఎడమవైపు ఉంది. అత్తవారింట్లో మొదటిరోజు వంటగదిలోకి వెళ్లినట్టుంది ఆమెకి. అన్నీ ఉన్నాయి, ఏదీ ఉండాల్సిన చోట లేదు. కంప్యూటర్ బిగించడానికి వచ్చినతను గోడలోంచి ఒక వైరు లాగి, కింద కత్తిరింపు బల్లకి కలిపాడు. "ఇకమీదట పెన్‌డ్రైవ్ పట్టుకుని మీరు మెట్లు దిగక్కర్లేదు" అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే, "నేను చూసుకుంటాలే" అని ఆమే పంపించేసింది.

అతను వెళ్లాక పాత నమూనా ఒకటి తెరిచింది. తెర నిండా అర్థంకాని అంకెలు, అక్షరాలు, చీమల బారుల్లా. ఇంకోటి తెరిచింది. అదీ అంతే. ఇన్నేళ్ల కష్టం పిచ్చిరాతలై కూర్చుంది. కాసేపటికి తెలిసింది, ఫైళ్లకి ఏమీ కాలేదు, ఏ ఫైలుని ఏ ప్రోగ్రాంతో తెరవాలో ఈ కంప్యూటర్‌కి తెలియదంతే. మనం చెప్పాలి.

ఫైలు మీద మౌస్ కుడి బటన్ నొక్కితే ఒక జాబితా వచ్చింది. అందులో కత్తెర బొమ్మలున్న ప్రోగ్రాంలు రెండున్నాయి, కవలపిల్లల్లా. మొదటిది పాత ఫైళ్లని తెరవనంది. రెండోది తెరిచింది. చొక్కా ముక్కలన్నీ, కాలరు వంపుతో సహా, తెల్లటి తెర మీద సన్నటి నల్లగీతల్లో మెరిశాయి. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. జాబితా అడుగున ఒక చిన్న గడి. 'ఈ రకం ఫైళ్లని ఎప్పుడూ దీంతోనే తెరువు.' ఆ గడిలో టిక్కు పెట్టింది. దాని కింద చిన్న అక్షరాల్లో మరేదో ఉంది కానీ, చదివే ఓపిక లేక సరే అని నొక్కేసింది. ఆ సాయంత్రం ఇంటికి పోతూ మరిదితో, "కొత్త గుర్రానికి కళ్లెం వేశాన్రా" అని చెప్పుకుంది కూడా.

కొత్త నమూనాలు కవలల్లో మొదటిదాంట్లోనే గీసేది కాబట్టి, పాత ఫైళ్లు తెరిచే పని ఎప్పుడో గానీ పడేది కాదు. కొన్నాళ్లకి కింద మొదటి గొడవ జరిగింది.

ఆ కత్తిరింపు బల్ల ఎలా పనిచేస్తుందో చెప్పాలి. నమూనా ఫైలు అందగానే బల్ల కింది పంపు గుడ్డ పొరల్ని గట్టిగా పీల్చి పట్టుకుంటుంది. పైనున్న చట్రం కదులుతుంది, దానికి బిగించిన కత్తి గీతల వెంట పోతుంది. గుడ్డ పరిచేటప్పుడు ఎర్ర బటన్ నొక్కి యంత్రాన్ని ఆపి ఉంచాలి. కానీ ఒకసారి ఆపితే మళ్లీ సిద్ధం కావడానికి అది బద్ధకంగా చాలాసేపు తీసుకుంటుంది. అందుకని ఆ బటన్ జోలికి ఎవరూ పోరు. ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది.

ఆరోజు మరిది గుడ్డ పరుస్తుంటే చట్రం దానంతటదే కదిలింది. అతను వెనక్కి గెంతాడు. కత్తి సగం పరిచిన గుడ్డలోంచి ఏవో వంపులు తిరుగుతూ పోయి, అంతా ముక్కలు చేసి ఆగింది.

"ఏదో నొక్కి ఉంటావు" అన్నాడు యజమాని.

"ఒట్టు సార్, నా రెండు చేతులూ గుడ్డ మీదే ఉన్నాయి."

ఇంట్లో భోజనాల దగ్గర ఆమె కూడా యజమాని పక్షమే పట్టింది. "నీకు పని మీద ధ్యాస తక్కువ, కబుర్ల మీద ఎక్కువ. నిన్ను పెట్టించినందుకు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?" అంది. మరిది తినే కంచం ముందు నుంచి లేచిపోయాడు. అతని భార్య, ఆమెకి తోడికోడలు, చల్లారుతున్న కంచం వంక చూస్తూ కూర్చుంది.

మళ్లీ జరిగింది. ఈసారి బల్ల దగ్గర ఎవరూ లేరు. ఖాళీ బల్ల మీద కత్తి తీరిగ్గా ఒక చొక్కా చెయ్యి ఆకారం గీసుకుంటూ పోవడం కుట్టుమిషన్ల దగ్గరి ఆడవాళ్లంతా చూశారు. ఆ తర్వాత నీళ్లకి వెళ్లాలన్నా బల్ల పక్కనుంచి కాక, చుట్టూ తిరిగి వెళ్లసాగారు.

మెకానిక్ వచ్చి వైర్లు విప్పాడు, మోటారు తెరిచాడు, చేతులు తుడుచుకున్నాడు. "దీనికి ఏ జబ్బూ లేదు. ఎవరో చెప్పారు, అది చేసింది."

"ఎవరు చెప్పారు?" అన్నాడు యజమాని.

"అది మీరు కనుక్కోవాలి."

ఆ మాట ఆమె చెవిన కూడా పడింది. కానీ ఆమెకి అది తన సంగతని తోచలేదు. తను పైన గదిలో నమూనాలు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, అంతే కదా. ఒకటి రెండుసార్లు తెర మీది నల్లగీతలు ఒక చివర నుంచి మెల్లగా ఎర్రబడుతూ పోవడం చూసింది. కొత్త సిస్టం సోకులు కాబోలు అనుకుంది. ఏమిటని ఎవరినీ అడగలేదు.

మరిది మాత్రం పైకి నవ్వుతూనే ఉండేవాడు. "దానికి నా మీద మనసైంది వదినా. నన్ను చూడగానే కదులుతోంది." కానీ బల్ల మీదికి వంగే ముందు చట్రం వైపు ఓ చూపు చూసి మరీ వంగడం అతనికి అలవాటైంది.

ఆ మధ్యాహ్నం టీ వేళకి కుట్టుమిషన్లన్నీ ఆగాయి. అందరూ బయటికి పోయారు. పరచడం కాస్తే మిగిలిందని మరిది ఒక్కడే ఉండిపోయాడు. పైన ఆమె ఒక కాలరు కొలత సరిచూద్దామని పాత ఫైలు ఒకదాని మీద రెండుసార్లు నొక్కింది.

కాళ్ల కింద నేల సన్నగా వణికింది.

ఎప్పుడూ మిషన్ల హోరులో వినిపించని చప్పుడు అది. పంపు గాలి పీల్చే మూలుగు. ఇప్పుడు కోత ఎందుకు మొదలైంది, ఇంకా పరుస్తున్నాడుగా అనుకుంటూ తెర వంక చూసింది. కాలరు గీత ఒక చివర ఎర్రబడింది. చూస్తుండగానే ఎరుపు వంపు తిరిగింది.

'ఎవరో చెప్పారు, అది చేసింది.'

ఆపాలి. ఎక్కడ ఆపాలి? మౌస్ పట్టుకుని తెరంతా వెతికింది. మెనూలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, ఆపు అనే మాట ఎక్కడా కనిపించడం లేదు. ప్రోగ్రాంనే మూసేసింది. మూలుగు ఆగలేదు. అప్పుడు కుర్చీ తోసేసి మెట్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తింది. సగం మెట్లలో ఉండగానే మరిది అరుపు వినిపించింది.

అతను బల్ల మీదికి బోర్లా వాలి ఉన్నాడు. పొరల మధ్య ముడత ఒకటి ఉంటే తీయడానికి చెయ్యి లోపలికి పెట్టాడు. పంపు పీల్చేసరికి గుడ్డ బిగుసుకుని, చెయ్యి అందులో చిక్కుకుంది. రెండో చెయ్యి చాచినా ఎర్ర బటన్ అందడం లేదు. "వదినా, బటన్! బటన్!"

ఆమె నొక్కింది. కత్తి ఆగింది. గుడ్డ మీద మాత్రం ఎరుపు పాకుతూనే ఉంది.

ఆస్పత్రిలో ఉంగరం వేలిని కుట్లు వేసి నిలబెట్టారు. చిటికెనవేలు దక్కలేదు.

వరండాలో బెంచీ మీద తోడికోడలు కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. యజమాని వచ్చి, "మందుల సంగతి నేను చూసుకుంటాను. ఏదో నొక్కుకుని ఉంటాడు పాపం, ఏం చేస్తాం" అన్నాడు.

"అతనేం నొక్కలేదు సార్. పైనుంచి నేను నొక్కాను" అంది ఆమె. కాలరు సంగతి, టిక్కు సంగతి, ఎర్రబడిన గీతల సంగతి చెప్పింది. యంత్రం సిద్ధంగా ఉన్న వేళ తను ఏ పాత ఫైలు తెరిచినా ఆ ప్రోగ్రాం దాన్ని చూపించడంతో ఆగక, బల్లకి కూడా పంపేస్తోందని చెప్పింది.

యజమాని చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఈ మాట నాకు చెప్పావు, సరే. ఇంకెక్కడా అనకు. వాడే నొక్కాడని అందరూ అనుకుంటున్నారు, అలాగే అనుకోనీ. నీ ఉద్యోగానికీ మంచిది, నా కర్మాగారానికీ మంచిది."

ఎంత మెత్తగా అన్నాడంటే, ఒక్క క్షణం అది న్యాయంగానే అనిపించింది ఆమెకి. ఆ క్షణం తలచుకుంటే ఆమెకి ఇప్పటికీ భయమే. తల తిప్పితే తోడికోడలు తనవంకే చూస్తోంది. ఏం వింది, ఎంత వింది తెలియదు.

ఆమె వెళ్లి పక్కన కూర్చుంది. అంతా మళ్లీ మొదటినుంచి చెప్పింది.

తోడికోడలు నోట్లోంచి కొంగు తీసింది. "ఆయన చెబుతూనే ఉన్నాడక్కా, నేనేం ముట్టుకోలేదని" అంది. "మీరందరూ కలిసి అన్నం దగ్గర్నుంచి లేపేశారు."



మర్నాడు హాల్లో, టీకి లేస్తున్న ఆడవాళ్లందరి ముందూ అదే మాట చెప్పింది. యజమాని మొహం మాడ్చుకున్నాడు కానీ, ఆమెని తీసేస్తే నమూనాలు గీసేవాళ్లు లేరు. తర్వాత కంప్యూటర్ బిగించినతన్ని పిలిపించి, పక్కన కూర్చోబెట్టుకుని, "నాకు తెలియదు, చూపించు" అంది. అలా అనడం ఆమె జన్మలో అదే మొదలు. ఏ రకం ఫైలు దేనితో తెరుచుకుంటుందో ఒక్కొక్కటీ చూపించాడతను. కవలల్లో రెండోదాన్ని తన కంప్యూటర్ నుంచి తీసేయించింది, మొదటిదాన్ని పాత ఫైళ్లు తెరిచేలా మార్పించింది. వైరు కూడా పీకించింది. ఇప్పుడు మళ్లీ పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లు దిగుతుంది.

మరిది తిరిగి పనిలోకి వచ్చాడు, బల్ల దగ్గరికి కాదు, ప్యాకింగ్‌కి. మడతలు పెట్టడంలో చెయ్యి ఇంకా తడబడుతుంది. వదినతో మాట్లాడతాడు. అడిగినదానికి బదులు చెబుతాడు, ఇంటికి కలిసే నడుస్తారు. కానీ వెనకటిలా ఆటపట్టించడు. ఆ పొడిమాటల కంటే నాలుగు తిట్టినా బాగుండునని ఆమెకి అనిపిస్తుంది.

బల్ల దగ్గర ఇప్పుడు కొత్తవాడు గుడ్డ పరుస్తున్నాడు. ఎర్ర బటన్ నొక్కి మరీ పరుస్తాడు, అయినా ఆమెకి నమ్మకం కుదరదు. ఫైలు తెరవాల్సినప్పుడల్లా వేలు మౌస్ మీద పెట్టి ఆగిపోతుంది. మిషన్ల హోరులో ఏమీ వినిపించదు. లేచి, మెట్ల దాకా వచ్చి, తొంగిచూస్తుంది. అతని చేతులు రెండూ కనిపించేదాకా అక్కడే నిలబడుతుంది.