మామ పటకారు

చాంద్రాయణగుట్ట దాటాక ఉండేది మా ఇనుప కడ్డీల మిల్లు. భట్టీలో ఎర్రగా కాలిన కడ్డీ రోలర్ల మధ్య నుంచి దూసుకొస్తుంటే, దాని కొసను పటకారుతో పట్టి పక్క గాడిలోకి తిప్పడం మా పని. ఎవరి పటకారు వాళ్లదే. కార్వాన్ బస్తీ‌లో కమ్మరి దగ్గర చేతి కొలతకు వంచి చేయించుకునేవాళ్లం. ఒకరిది ఇంకొకరు ముట్టకూడదు. ముట్టారో, ఇక లొల్లే.

మా మేనమామ ఆ మిల్లు పెట్టిన నాటి నుంచీ ఉన్నాడు. నన్ను పనిలో పెట్టించిందీ, పట్టు నేర్పిందీ ఆయనే. ఆ పని తప్ప ఆయన ఇంటికి వేరే ఆధారం లేదు.

దసరాకు పటకారులన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి భట్టీ ముందు ఉంచేవాళ్లం. మర్నాడు మాలిక్, అంటే మిల్లు యజమాని, తన చేత్తో, లడ్డూతో పాటు ఎవరిది వాళ్లకు ఇచ్చేవాడు. ఇచ్చాడంటే ఆ ఏడాది పని ఉన్నట్టే. కాగితం గీగితం ఏమీ లేదు. ఎంత పిచ్చోళ్లమో చూడండి.

డెబ్బైల చివర్లో ఒక వానాకాలం, లారీలో పెద్ద పెద్ద పెట్టెలు దిగాయి. టార్పాలిన్ కప్పి షెడ్డు మూలన పెట్టారు. కొత్త మిషనట, కడ్డీని అదే తిప్పుతుందట. మిషను కంపెనీ నుంచి టై కట్టుకున్న ఒకాయన రోజూ వచ్చి మా వెనక నిలబడేవాడు. మేం కడ్డీ తిప్పే తీరు చూసి ఏదో రాసుకునేవాడు. నేను మాటిమాటికీ ఆ పెట్టెల వైపే చూసేవాణ్ణి. మామకు మాత్రం ఫికరే లేదు.

"ఇన్నేండ్లల్ల మాలిక్ నాకు పటకారు ఇయ్యకుండ ఉన్నడారా?" అన్నాడు.

ఆ దసరా ఎన్నడూ లేనంత ఘనంగా జరిగింది. అందరికీ బిర్యానీ, కొత్త బట్టలు. మాలిక్ మామ భుజం మీద చెయ్యేసి మరీ కొసరి వడ్డించాడు. అతి వినయం ధూర్త లక్షణమని ఊరికే అన్నారా? మామ మాత్రం సంబరంగా మారు వడ్డించుకున్నాడు.

మర్నాడు పొద్దున వరుసలో నిలబడ్డాం. మామ చేతిలో ఒట్టి లడ్డూ పెట్టి మాలిక్ ముందుకు జరిగాడు. మామ చేతులు అలాగే చాపి ఉంచాడు. తర్వాత నా వంతు. నాకిచ్చిన పటకారు నాది కాదు. పిడి మీద మామ బొటనవేలు అరగదీసిన గుంట ఉంది.

"మిషను నడిచేదాక ఆయన జాగల గూడ నువ్వే నిలబడాలె," అన్నాడు మాలిక్.

ఒళ్లు మండిపోయింది. అతని కాళ్ల ముందే విసిరికొట్టబోయాను. మామ వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"పట్టుకో అల్లుడా. నువ్వు గూడ ఇంటికొస్తే రెండిండ్లు ఎట్ల ఎల్తయి?"

పట్టుకున్నాను. షెడ్డు మూలన టై ఆయన టార్పాలిన్ తీయిస్తున్నాడు. గేటు దాకా వెళ్లిన మామ ఆగి వెనక్కి చూశాడు. నా పట్టు తప్పుగా ఉందని, చెయ్యి కాలుతుందని, ఇంకాస్త వెనక్కి పట్టుకొమ్మని అక్కడి నుంచే ఖాళీ చేతులతో చూపించాడు.