రాజవ్వ ఇంట్లో తిన్నవాళ్లు

కొత్తవాడలో రాజవ్వ దినాల నాడు, తొర్రూరు నుంచి రాంప్రసాద్ ఒక ఫ్లెక్సీ పట్టుకొచ్చి టెంటు ముందు కట్టించాడు. అన్నపూర్ణలాంటి అత్తమ్మకు అశ్రునివాళి అని రాసి ఉంది. రాజవ్వ ఫొటో పక్కనే రాంప్రసాద్ ఫొటో కూడా ఉంది. ఆయనదే కాస్త పెద్దది. రాజవ్వ కూతురు సునీత వచ్చి దాన్ని చూసింది. వంటాయన ఉప్పు అడిగితే డబ్బా అందించి, మళ్లీ వచ్చి దాని ముందే నిలబడింది.

రాంప్రసాద్ రాజవ్వకు తమ్ముడి కొడుకు. సునీతకు బావ. తొర్రూరులో పురుగుమందుల దుకాణం, నలుగురిలో పలుకుబడి ఉన్నాయి. ఆయన వెంట రెండు కార్ల జనం దిగారు. వాళ్లలో సగం మంది రాజవ్వ ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వారాల తరబడి తిన్నవాళ్లే.

రాజవ్వ ఎనభై నాలుగేళ్లు బతికింది. మొగుడు రాజలింగు మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. రెండు గదుల ఇల్లు. అక్కడి నుంచి పెద్ద దవాఖానకు నడిచిపోవచ్చు. సునీత దృష్టిలో ఆ ఇంటికి పట్టిన శని అదే. నెక్కొండలో ఎవరికి కాలు విరిగినా, ములుగు అవతల ఎవరికి నొప్పులొచ్చినా, రోగి దవాఖాన మంచమ్మీదికి, వెంట వచ్చినవాళ్లు రాజవ్వ ఇంటికి చేరేవారు. ఆమె ఎవరినీ ఎన్నాళ్లుంటారని అడగలేదు. ఎవరికి కారం పడదో, ఎవరు జొన్నరొట్టె తప్ప తినరో ఒక్కపూటలో పట్టేసేది. ముక్కూ మొహం తెలియని బాలింతకు పొత్తిగుడ్డలు కావాలంటే తన పెళ్లినాటి చీర చింపి ఇచ్చింది. అవన్నీ నిజాలే. సునీత ఎన్నడూ కాదనలేదు. కాని మనసు అమ్మది, చేతులు సునీతవి. నీళ్లు మోసింది, అంట్లు తోమింది, దవాఖానకు అన్నం గిన్నెలు పట్టుకొని తిరిగింది ఆమే.

పదో తరగతి పరీక్షలప్పుడు రాంప్రసాద్ తండ్రికి కడుపు ఆపరేషన్ అయింది. ఎనిమిది మంది ఇరవై రోజులున్నారు. రెండో పరీక్ష పొద్దున సునీత జడ వేసుకుంటుంటే రాజవ్వ వచ్చి, పరీక్షలు మళ్లయినా రాసుకోవచ్చు, మామకు పథ్యం ఎవరు వండుతారు అంది. మళ్లీ అనేది రాలేదు. ఒక్కతే బిడ్డ కాబట్టి దేవదాస్‌ను ఇల్లరికం తెచ్చి పెళ్లి చేశారు. అట్లా ఆ పొయ్యి ముందే సునీతకు యాభై ఐదేళ్లు వచ్చాయి.

మూడేళ్ల కింద రాజవ్వ వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మళ్లీ లేవలేదు. ఒళ్లు తుడవడం, పక్కబట్టలు మార్చడం, అన్నం మెత్తగా పిసికి నోట్లో పెట్టడం సునీతే చేసింది. తలుపు చప్పుడైతే చాలు, ఎవరొచ్చారు, కాళ్లకు నీళ్లిచ్చావా అని మంచంలోంచి అడిగేది రాజవ్వ. వచ్చింది పాలవాడో, కరెంటు బిల్లు మనిషో అయ్యేవాడు. ఆ ఇంట్లో తిన్నవాళ్లు ఎవరూ రాలేదు. నువ్వు తిన్నావా అని అమ్మ తనను అడుగుతుందేమోనని సునీత ఆ మూడేళ్లూ చూసింది. అడగలేదు.

పోయిన దసరా ముందు రాజవ్వ రాంప్రసాద్‌ను చూడాలని ఏడ్చింది. సునీత ఫోన్ చేస్తే, ఈ వారమే వస్తానన్నాడు. ఆ వారమే హనుమకొండలో ఎవరిదో పెళ్లికి వచ్చి, ఫొటోలు దిగి, అట్నుంచి అటే పోయాడు. ఆ ఫొటోలు సునీత ఫోన్లో కనబడ్డాయి. అమ్మ దగ్గరికి వెళ్లి, వచ్చి పోయిండు, నువ్వు నిద్రపోతున్నావని లేపలేదు అని చెప్పింది.

"తిన్నడా?" అంది రాజవ్వ.

"తిన్నడు."

"ఏం వండినవ్?"

కోడికూర అంది సునీత. రాజవ్వ మొహం ముడుచుకుంది.

"వానికి బోటికూరంటే పానం గదనే. గంత సుత యాదిలేదా నీకు?"

జరగని భోజనానికి రెండు రోజులు తిట్లు పడింది సునీత.

దినాల నాడు మైకు పట్టుకున్న రాంప్రసాద్ ఆ అబద్ధం సంగతి ఎరగడు. అత్తమ్మ చేతి ముద్ద గురించి చెప్పాడు, ఆఖరిరోజుల్లో పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నానన్నాడు. వంటల దగ్గర్నుంచి సునీత కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఎప్పుడు కూసున్నవ్ బావా?"

దసరా ముందు వచ్చాను కదా అన్నాడాయన, మైకు కిందికి దించి.

"రాలె. నువ్వచ్చినవని మా అమ్మకు అబద్ధం చెప్పింది నేను. ఇయ్యాల గదే అబద్ధం నువ్వు మైకుల చెప్పవడితివి."

రాంప్రసాద్ మొహం నల్లబడింది.

"అత్తమ్మ బతికుంటే ఇంటికొచ్చినోళ్లను గిట్ల అననిచ్చేదా?"

"అననియ్యకపోవు. గందుకే గిన్నేండ్లు ఊకున్న. ఇప్పుడామె లేదు."

ఫ్లెక్సీ విప్పమని దేవదాస్‌తో చెప్పింది. అతను అటూ ఇటూ చూసి కదల్లేదు. ఆమే కూరగాయల కత్తితో తాళ్లు కోసి దాన్ని నేల మీదికి లాగింది. రాంప్రసాద్ తన జనాన్ని తీసుకొని తినకుండానే వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు తలొంచుకొని తిన్నారు. అంత పుణ్యాత్మురాలి కడుపున ఇట్లాంటిది పుట్టిందని పక్కింటి మల్లక్క చెయ్యి కడుక్కుంటూ గొణిగింది. కడుపు నిండింది కదా, ఇంక ఇంటికి పొమ్మంది సునీత.

నెల తర్వాత ఒక మిట్టమధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్లు సంచులతో తలుపు కొట్టారు. ములుగు అవతలి పల్లె. ఒకామె మొగుడు దవాఖానలో ఉన్నాడట. రాజవ్వ ఇల్లు ఇదేనా అని అడిగారు. రాజవ్వ చచ్చిపోయింది అంది సునీత, గడపకు అడ్డంగా నిలబడి. పెద్దామె కళ్లు తుడుచుకుంది. దవాఖాన ముందు సత్రం ఉంది, అక్కడ అడగమని చెప్పింది సునీత. చెంబెడు నీళ్లిచ్చి, తాగేదాకా ఆగి, తలుపేసింది.

"ఒక్కపూటన్న ఉండనిస్తే ఏమాయె," అన్నాడు లోపల్నుంచి దేవదాస్.

"నువ్వు వండుతవా?"

సునీత తలుపుకు వీపు ఆనించి కాసేపు నిలబడింది. ఆ ఇద్దరి మీద ఆమెకు ఏ కోపమూ లేదు. ఉన్న కోపమంతా చనిపోయిన అమ్మ మీదే. అడిగి తేల్చుకునే వీలు ఇక లేదు. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వస్తే లోపలికి వెళ్లింది.